ఎండదెబ్బ

మా నాన్న ఎండదెబ్బతో పోయారని పాతికేళ్ళకు పైగా చెబుతూ వచ్చాను. పెళ్ళిచూపుల్లో మామగారు అడిగితే అదే చెప్పాను. బీమా కాగితంలో తండ్రి మరణకారణం అన్న గడిలో అదే రాశాను. అబద్ధం చెబుతున్నానన్న స్పృహ ఏనాడూ లేదు. మాకు తెలిసిన నిజం అదే.

నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల మధ్య పుట్టినవాడికి ఎండదెబ్బ కంటే నమ్మదగిన కారణం మరొకటి ఉండదు. మా పంట ఎండలోనే పండుతుంది. సంక్రాంతి రోజుల్లో పూత, శివరాత్రి నాటికి పిందె, ఉగాది దాటితే కాయ, ఆపైన రెండు నెలలు కోత. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు కాయ, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే దిగాలి. చిక్కం కర్ర పట్టుకొని తల పైకెత్తి నిలబడ్డ మనిషికి ఆకుల సందుల్లోంచి సూర్యుడు తప్ప వేరే ఏమీ కనబడదు. 1996 మే నెలలో ఒక మధ్యాహ్నం, అటువంటి ఒక చెట్టు కింద మా నాన్న ఉన్నపళంగా కూర్చుండిపోయారు. అప్పటికి ఆయన వయస్సు యాభై రెండు.

నేను హైదరాబాదులో కొత్త ఉద్యోగంలో ఉన్నాను. నాకు దక్కింది కబురు మాత్రమే. కాయ కోయిస్తుండగా కళ్ళు తిరిగాయన్నారట. పొట్ట పైభాగంలో పట్టేసినట్టుందన్నారట. గ్యాసు అనుకొని నిమ్మకాయ సోడా పట్టించారు. అది వాంతి అయింది. ఊళ్ళో ఆరెంపీ వచ్చి సూదిమందు వేసి, వెంటనే బెజవాడ తీసుకువెళ్ళమన్నాడు. జీపు ఊరు దాటి ఎంతో దూరం పోకముందే అయిపోయింది. శవపరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. కూలీల్లో ఒకరు ఎండదెబ్బ అన్నారు, పక్కవారు తలూపారు, సాయంత్రానికి అదే స్థిరపడింది.

ఆ రోజు మధ్యాహ్నం నాన్నను భోజనానికి ఇంటికి పంపి, తోటలో ఉండవలసినవాడు మా తమ్ముడు. వాడికి అప్పుడు ఇరవై ఒకటి. స్నేహితులతో నూజివీడు వెళ్ళి మ్యాట్నీలో కూర్చున్నాడు. తిరిగివచ్చేసరికి జీపు బయలుదేరుతున్నది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ వాడి దగ్గర ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఒక విధమైన ఎత్తిపొడుపేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంతకీ ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, కారణం ఒక పరిశోధన పత్రం.

నాకు రక్తపోటు ఉందని తేలిన కొత్తలో, భయపడ్డ ప్రతి చదువరిలాగే నేనూ దొరికినదల్లా చదివాను. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 5,209 మందిని ఎన్నుకొని, ఏళ్ళ తరబడి కేవలం గమనిస్తూ కూర్చున్న వైద్యుల కథ అలాగే తెలిసింది. ఎవరికి గుండెపోటు వచ్చింది, ఎవరికి రాలేదు, వచ్చినవారిలో ముందునుంచీ ఉన్న తేడా ఏమిటి? ఈ మూడు ప్రశ్నలతో వాళ్ళు రక్తపోటునూ, కొలెస్టరాల్‌నూ, పొగతాగడాన్నీ బోనెక్కించారు. జబ్బును ఒక మనిషి ఒంట్లో కాక, ఒక ఊరి బ్రతుకులో వెదికే ఈ శాస్త్రాన్ని ఎపిడిమియాలజీ అంటారు. ఒక్కొక్క చెట్టునూ కాక తోటనంతటినీ చూడటం అనుకోండి.

ఆ చదువులోనే గోదావరి జిల్లాల పేర్లు ఎదురయ్యాయి. మా తోటలకు తూర్పున, ఒక పూట ప్రయాణంలో ఉన్న ఊళ్ళు! ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని ఒక ఉమ్మడి ప్రయత్నం. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైన సంస్థలు అందులో భాగస్వాములు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన పన్నెండు నెలల్లో సంభవించిన మరణాలను వారు ఒక్కటొక్కటిగా లెక్కించారు. మొత్తం 1,354. రోహిణా జోషి ప్రధాన రచయిత్రిగా 2006లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

పల్లెటూళ్ళలో మనుషులు దేనితో పోతారు? నన్నడిగితే విషజ్వరాలు, క్షయ, పాముకాటు, పురుగుమందు అని ఉండేవాణ్ణి. ఆ పత్రం ప్రకారం ప్రథమ స్థానం గుండె, రక్తనాళాల జబ్బులది. నూటికి 32. అందులో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యలు కలిపి 13 శాతం. అంటువ్యాధులన్నీ కలిపినా 12 శాతమే. పట్నపు జబ్బు, కూర్చొని తినేవాళ్ళ జబ్బు అని మనం అనుకుంటున్నది వరిచేల గట్ల మీదికి ఎప్పుడో వచ్చి కూర్చుంది.

అయితే నన్ను పట్టి నిలిపినవి ఈ అంకెలు కావు. అవి తెలుసుకున్న పద్ధతి. ఇళ్ళలో పోయినవారికి శవపరీక్షలు ఉండవు కదా. అందుకని శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్ళి, దగ్గరివాళ్ళను కూర్చోబెట్టి అడిగారు. నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది, ఆయాసం ఉండేదా, నడిస్తే పెరిగి ఆగితే తగ్గేదా, జ్వరం ఉందా, మాట పడిపోయిందా, చుట్ట తాగేవారా? ఆ జవాబులను తరువాత వైద్యులు చదివి మరణకారణాన్ని నిర్ణయించారు. దీనిని వెర్బల్ అటాప్సీ అంటారు. మాటలతో చేసే శవపరీక్ష. కత్తి అక్కరలేదు, అడిగేవాడికి ఓపికా చెప్పేవాడికి జ్ఞాపకమూ ఉంటే చాలు.

మా ఇంటికి అలా ఎవరూ రాలేదు. అయితేనేం, ప్రశ్నలు నా చేతిలో ఉన్నాయి. జవాబులు మా అమ్మ దగ్గర ఉన్నాయి.

అయినా అడగడానికి నాకు చాలా కాలం పట్టింది. నిరుడు దసరాకు వెళ్ళినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, కబుర్లలో కలిపి మొదలుపెట్టాను.

"ఆ రోజు నాన్న ఒళ్ళు కాలిపోతూ ఉందా అమ్మా?"

"లేదురా. ఐసుముక్కలా ఉంది. చెమట మాత్రం ధారలు కట్టింది. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది."

"అంతకుముందు ఎప్పుడైనా నొప్పి అన్నారా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొంగు సవరించుకుంటూ, ఎవరికో వప్పజెబుతున్నట్టుగా చెప్పింది.

"మాఘమాసం నుంచీ ఉందిరా. చెరువుకట్ట ఎక్కేటప్పుడు రొమ్ము మీద బండ పెట్టినట్టుండేదట. కాసేపు నిలబడితే పోయేదట. ఎడం చెయ్యి లాగేదని రాత్రిళ్ళు నా చేత పట్టించుకునేవారు. పిల్లలకి చెప్పకు, పెద్దాడు ఉద్యోగం మానుకొని వచ్చేస్తాడు, కాయ దిగాక చూపించుకుందాం అన్నారు. నాతో ఒట్టు పెట్టించుకున్నారు."

కాయ దిగాక! మా ప్రాంతంలో పెళ్ళిళ్ళూ, అప్పులూ, వైద్యాలూ అన్నీ కాయ దిగాకే.

ఒక మాట ఒప్పుకోవాలి. మాటలతో చేసే శవపరీక్ష వేలమంది గురించి చెప్పేటప్పుడు ఎంత నమ్మదగినదో, ఒక్క మనిషి గురించి చెప్పేటప్పుడు అంత కాదు. గుంపులో కొన్ని పొరపాట్లు ఒకదానికొకటి సర్దుకుంటాయి, ఒక్క ఇంటిలో ఆ వీలు లేదు. ముప్ఫై ఏళ్ళ నాటి జ్ఞాపకం మీద నేను తీర్పు చెప్పలేను. ఎండ కూడా అలసిన గుండె మీద భారం మోపి ఉండవచ్చు. కాని ఎండదెబ్బ తగిలిన ఒళ్ళు సాధారణంగా నిప్పులా ఉంటుంది. మూడు నెలల ముందునుంచీ చెరువుకట్ట మీద కాచుకొని కూర్చోదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారినీ రానివారినీ పోల్చి, తొమ్మిది కారణాలే నూటికి తొంభై వంతుల ప్రమాదానికి మూలమని తేల్చింది. మన ఉపఖండంలో మొదటి గుండెపోటు సగటున యాభై మూడో ఏటనే వస్తున్నదనీ, తక్కిన చోట్ల కంటే ఐదారేళ్ళు ముందనీ అదే బృందం తరువాత చూపించింది. నాన్నకు యాభై రెండు. రోజుకు నాలుగు చుట్టలు.

తెలిసి ఇప్పుడు చేసేదేముంది అంటారా? ఉంది. మా తమ్ముడికి యాభై నిండాయి.

తోట వాడే చూసుకుంటాడు. రెండేళ్ళ క్రితం నేను రక్తపోటు చూసే యంత్రం పట్టుకువెళ్ళి చెయ్యి చాపమంటే నవ్వి లేచిపోయాడు. "మన వంశంలో గుండెజబ్బు ఎవరికుందన్నయ్యా? తాతయ్య తొంభై ఏళ్ళు బ్రతికాడు. నాన్న ఎండదెబ్బతో పోయారు." వాడి తర్కంలో దోషం లేదు. వాడికి మేము ఇచ్చిన ఆధారమే తప్పు. వైద్యుడు కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగితే వాడు నిజాయితీగా లేదని చెబుతాడు. తప్పుగా రాసుకున్న ఒక చావు మరొక చావుకు దారి చూపిస్తుందని నాకు అప్పుడు అర్థమైంది. ఊళ్ళలో చావులను సరిగ్గా లెక్కపెట్టడం ఎందుకు అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

చెబితే సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. గోదావరి గ్రామాల పరిశోధకులకూ అదే ఎదురైంది. అదే ప్రాంతంలోని 44 గ్రామాల్లో వారు తరువాత రెండు ఉపాయాలను పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒకటి ప్రచారం, ఊరందరికీ మంచి అలవాట్ల గురించి చెప్పడం. రెండోది డాక్టర్లు కాని గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు తేలికైన పద్ధతి నేర్పి, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారిని గుర్తింపజేయడం. రెండో ఉపాయం పనిచేసింది. ప్రమాదంలో ఉన్నవారిలో ఈ పద్ధతి ఉన్న ఊళ్ళలో 63 శాతం మందిని గుర్తించగలిగితే, లేని ఊళ్ళలో 51 శాతమే. మొదటి ఉపాయం, అంటే ప్రచారం, చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు.

ఆ తరువాత 2014–16 మధ్య పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో, ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లిచ్చి మరో పెద్ద ప్రయోగం చేశారు. ఇంటింటికీ వెళ్ళి చూశారు, ప్రమాదాన్ని లెక్కగట్టారు, వైద్యుడి దగ్గరకు పంపారు. 2019లో ఫలితం వచ్చింది. రక్తపోటు అదుపులోకి వచ్చినవారి వాటా ఇటూ అటూ ఇంచుమించు ఒక్కటే, నూటికి నలభై. ఓడిపోయామని దాచకుండా అచ్చువేసిన ఆ పత్రం మీద నాకు గౌరవం కలిగింది. ఎవరికి జబ్బు వస్తుందో తెలుసుకోవడం ఒక మెట్టు. వాడి చేత రోజూ మాత్ర మింగించడం మరో మెట్టు. ఆ రెంటి నడుమ ఉన్న ఎత్తు మా చెరువుకట్ట కంటే ఎక్కువ.

జెఫ్రీ రోజ్ అనే ఆంగ్ల వైద్యుడు 1985లో ఒక వ్యాసం రాశాడు. ఫలానా మనిషికి జబ్బు ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న వేరు, ఫలానా ఊరిలో అంతమందికి ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న వేరు అన్నది దాని సారం. ఊరికంతటికీ గొప్ప మేలు చేసే జాగ్రత్త, పాటించిన ఒక్కొక్కరికీ చేసే మేలు స్వల్పంగా ఉంటుందని కూడా ఆయనే చూపించాడు. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు చిక్కుముడిలా తోచింది. తరువాత మా తోట గుర్తుకువచ్చి నవ్వుకున్నాను. పూత రాకముందు తేనెమంచు పురుగుకు మందు కొట్టేటప్పుడు మేము తోటంతా కొడతాము. ఏ చెట్టుకు పురుగు పట్టేదో, ఏది దానంతట అదే నిలిచేదో ఎవరికీ తెలియదు. పూత నిలిచాక, ఈ చెట్టును మందే కాపాడింది అని ఏ చెట్టునూ చూపించలేం. అంతమాత్రాన ఏ రైతూ మందు కొట్టడం మానడు.

ఊరంతటికీ కొట్టదగిన మందు ఏదైనా ఉంటే అది ఉప్పు తగ్గించడమే అనిపిస్తుంది. చెప్పడానికి నాకు నోరు రావడంలేదు, ఆవకాయ దేశంలో పుట్టినవాణ్ణి! ఒకరోజు మూత్రమంతా సేకరించి లెక్కగట్టిన ఒక అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్‌లో మనిషి సగటున రోజుకు తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాములకు లోపలే ఉండమంటుంది. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయ, అప్పడం, వడియం, వీటిలో ఏది మానమన్నా ఇంట్లో యుద్ధమే. అయితే మానకుండానే ఒక దారి ఉంది. ఉప్పులో కొంత భాగం సోడియం తీసి పొటాషియం కలిపిన ఉప్పును సిద్దిపేట ప్రాంతంలోని ఏడు గ్రామాల్లో, రక్తపోటు ఉన్న 502 మందితో మూడు నెలలు పరీక్షించారు. పై రక్తపోటు సగటున 4.6 తగ్గిందని 2021లో ప్రకటించారు. అదే సంవత్సరం చైనా పల్లెల్లో ఇరవై వేల మందికి పైగా జరిగిన ఐదేళ్ళ పరీక్షలో పక్షవాతాలు నూటికి పద్నాలుగు వంతులు తగ్గాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ ఉప్పు ప్రమాదం, వారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టరాదు.

ఇక మా ఇంటి కథ.

ఈ వేసవిలో ఆవకాయ పెట్టే రోజున వెళ్ళాను. అరుగు మీద తమ్ముడు కత్తిపీట ముందు కూర్చొని టెంక పగిలేలా కాయ కొడుతున్నాడు. అమ్మ ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తున్నది. జాడీ ఎండలో బోర్లించి ఉంది. నేను ముందుగా అమ్మతో ఏమీ అనుకోలేదు. తనంతట తానే మొదలుపెట్టింది. మాఘమాసం, చెరువుకట్ట, ఎడం చెయ్యి, ఒట్టు, అన్నీ చెప్పింది. చేతిలో ముక్క తుడుస్తూనే ఉంది.

తమ్ముడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"అయితే ఎండ కాదా?" అన్నాడు.

"ఎండ కాదురా. నువ్వు తోటలో ఉన్నా, ఆయన ఇంట్లో పడుకొని ఉన్నా, అది వచ్చేదే. నేను నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో! ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆ మాట నీతో అందామంటే నాకు ధైర్యం చాలలేదు."

వాడు లేచి దొడ్లోకి వెళ్ళాడు. తిరిగివచ్చేసరికి ముఖం కడుక్కొని ఉన్నాడు. కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. ఏ ఉపదేశమూ చేయించలేని పని అది చేసింది. వాడు నా ఎదుట కూర్చొని, మాట్లాడకుండా, ఎడం చెయ్యి చాపాడు.

పది నిమిషాలు తేరుకోనిచ్చి యంత్రం కట్టాను. 168, 102. మళ్ళీ చూశాను. ఇంచుమించు అదే. మరుసటి వారం వైద్యుడి దగ్గరా అంతే వచ్చింది. ఆయన ఒక మాత్ర రాసి, నెల తరువాత రమ్మని, చుట్ట మానమన్నాడు. చుట్ట మా తమ్ముడికీ వారసత్వమే.

దారిలో వాడు అడిగాడు. "ఎన్నాళ్ళు వేసుకోవాలన్నయ్యా?"

"తేనెమంచు పురుగుకి ఎన్నాళ్ళు కొడతావు?"

"ఏడాదీ కొట్టాల్సిందేగా" అన్నాడు, ఆ పైన తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ నవ్వు చూసి గెలిచామని అనుకోవడంలేదు. నూటికి నలభై అన్న అంకె నాకు గుర్తుంది. తక్కిన అరవైలో వాడు చేరకుండా ఉండాలని ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతున్నాను. అమ్మ ఈ ఏడు ఆవకాయలో ఉప్పు తగ్గించడానికి ఒప్పుకోలేదు, బూజు పడుతుందన్నది. అది ఆమె శాస్త్రం, కాదనలేను. చిన్న జాడీ మాత్రం పెట్టింది.

మీ ఇళ్ళలో కూడా ఇటువంటి చావు ఒకటి ఉండే ఉంటుంది. గ్యాసు పట్టి పోయారనో, నిద్దట్లో పోయారనో, గాలి సోకిందనో. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉండగానే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతకాలం నుంచి ఉంది, ఒళ్ళు చల్లగా ఉందా వేడిగా ఉందా అని. పోయినవారి కోసం కాదు.